మార్లిన్ డైరీ: ఇంజన్ సంగతి తర్వాత, ముందు వెనక యాక్సిల్ సంగతి

ఏప్రిల్, మొదటి వారం

జేన్స్‌విల్ దాటాక ఒక పొలంలో, ధాన్యం కొట్టంలో, 1965 రాంబ్లర్ మార్లిన్ ఒకటి అమ్మకానికుంది. ఆరు సిలిండర్ల 232 (ఘనపు అంగుళాల) ఇంజన్, మూడు గేర్లు, గేరు రాడ్డు స్టీరింగ్ కింద. ఇంజన్ పట్టేసింది. అడిగేది ఆరున్నర వేల డాలర్లు. ఫొటోల్లో చూస్తే కారు నిలువెల్లా దుమ్ము, ఒక వైపు టైర్లు నేలకంటుకుపోయాయి. వెనక కప్పు వాలు మాత్రం చెక్కుచెదరలేదు. ఈ కారుకున్న అందమంతా ఆ వాలులోనే ఉంది. వికారం కూడా అక్కడే ఉందనేవాళ్ళున్నారు, వాళ్ళతో నాకు పేచీ లేదు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1964 ఏప్రిల్‌లో ప్లిమత్ బారాకుడా, ఫోర్డ్ మస్టాంగ్ కొద్ది రోజుల తేడాతో బజారులోకొచ్చాయి. మస్టాంగ్ ఏడాది తిరిగేసరికి నాలుగు లక్షలు దాటేసింది. కెనోషాలోని అమెరికన్ మోటార్స్ దగ్గర అప్పటికే టార్పన్ అని ఒక ముచ్చటైన ప్రదర్శన కారుంది. రాంబ్లర్ అమెరికన్ మీద కట్టిన చిన్న ఫాస్ట్‌బ్యాక్ అది, అంటే కప్పు వెనకదాకా వాలుగా దిగే కారు. దాన్ని అలాగే దింపి ఉంటే కథ ఎలా ఉండేదో. కంపెనీ పెద్ద రాయ్ అబెర్నతీకి పెద్ద కారు కావాలి, ఆరుగురు కూర్చోవాలి. దాంతో డిక్ టీగ్ గీసిన ఆ వాలు కప్పును తీసుకెళ్ళి 112 అంగుళాల వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) ఉన్న రాంబ్లర్ క్లాసిక్ మీద పెట్టారు. 1965లో 10,327, మరుసటేడు 4,547, 1967లో 2,545 కార్లు కట్టి ఆపేశారు. మూడేళ్ళకీ కలిపి 17,419.

మాది విస్కాన్సిన్‌లోని రసీన్. కెనోషా పక్కూరే, సరస్సు పొడవునా కిందికి పోతే వచ్చేస్తుంది. అక్కడి ఇంజన్ ప్లాంటు 2010లో మూతపడింది, తర్వాత కూల్చేశారు. ఈ కారు మీదికి మనసు పోవడానికి సగం కారణం అది ఇక్కడి సరుకు కావడమే. మిగతా సగం ఇంజన్ లెక్కలో ఉంది, ఆ సంగతి తర్వాత రాస్తాను.

ఏప్రిల్, శనివారం

వెళ్ళి చూశాను. అయస్కాంతం, టార్చి, పాత స్క్రూడ్రైవర్ పట్టుకెళ్ళాను. ఇలాంటి కారు చూడ్డానికి అంతకుమించి సరంజామా అక్కర్లేదు.

ఈ కార్లకు విడిగా చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. కాబట్టి తలుపుల కింద పట్టీలు, నేల రేకు, వెనక స్ప్రింగుల గిన్నెలు బాగుంటేనే కారు బాగున్నట్టు. బానెట్ మీద తుప్పు చూసి భయపడేవాళ్ళు, నేల రేకు చూడకుండా చెక్కు రాసేవాళ్ళు ఇద్దరూ ఎక్కువే. విస్కాన్సిన్‌లో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు కింది నుంచే తింటుంది.

డ్రైవరు కాళ్ళ దగ్గర స్క్రూడ్రైవర్‌తో పొడిచాను. రెండు చోట్ల ఠంగుమంది, మూడో చోట మెత్తగా లోపలికి దిగిపోయింది. అరచేతి మందాన ముక్క వేయాలి. తలుపుల కింద పట్టీలు గట్టిగానే ఉన్నాయి, ఎడమ పట్టీ వెనక చివర మాత్రం ఎవరో పుట్టీ పూసి పైన రంగు కొట్టారు, అయస్కాంతం అక్కడ నిలవలేదు. వెనక అద్దం చుట్టూ రబ్బరు ఎండి పగిలిపోయింది. ఆ దారిన దిగిన వాన నీళ్ళన్నీ డిక్కీలోకి చేరాయి. మార్లిన్ డిక్కీ మూత చాలా చిన్నది. వాలు కప్పు కింద అంత జాగా ఉంటే, లోపలికి పోవడానికి మాత్రం చిన్న కన్నం. టార్చి నోట్లో పెట్టుకుని నడుము దాకా దూరి చూశాను. స్పేరు చక్రం గుంటలో రేకు జల్లెడైపోయింది. వెనక స్ప్రింగుల గిన్నెలు మాత్రం గట్టిగా ఉన్నాయి. అవి పోయి ఉంటే అక్కణ్ణించే వెనక్కొచ్చేసేవాణ్ణి.

వైపర్లు వాక్యూమ్ మీద ఆడేవి. ఇంజన్ పీల్చే గాలితోనే వైపరు ఆడుతుంది, అందుకని ఎత్తు ఎక్కుతూ ఆక్సిలరేటర్ తొక్కితే నెమ్మదిస్తుంది, కాలు తీస్తే పరుగెడుతుంది. అమెరికన్ మోటార్స్ వాళ్ళు దీన్ని 1970ల దాకా లాక్కొచ్చారు. ఏం పొదుపో! ఇంజన్ ఏది పెట్టినా కరెంటు మోటారు పెట్టాల్సిందే.

ముందు సస్పెన్షన్‌లో ట్రనియన్లకు (చక్రం తిరిగే కీళ్ళకు) గ్రీజు అంది ఎన్నేళ్ళయిందో, చక్రం పట్టుకుని ఊపితే కటకటలాడింది. 1965 మార్లిన్‌కు ముందు డిస్క్ బ్రేకులు కంపెనీ నుంచే వచ్చాయి, ఆ రోజుల్లో అది పెద్ద విషయం. ఇప్పుడు మాత్రం ఆ నాలుగు పిస్టన్ల బెండిక్స్ క్యాలిపర్లకు సామాను దొరకాలంటే వెతుక్కోవాలి.

స్పార్క్ ప్లగ్గులు తీసి చూడనిచ్చాడు అమ్మే పెద్దాయన. నాలుగో సిలిండర్‌లో నీళ్ళు నిలిచిన మరక, గోడ మీద ఎర్రటి తుప్పు. క్రాంక్ పుల్లీకి పొడవాటి రాడ్డు వేసి తిప్పితే రాడ్డు వంగుతోంది గానీ క్రాంక్ కదలట్లేదు.

ఏప్రిల్, ఆదివారం రాత్రి

ఇంజన్ మార్పిడి అనగానే అందరి నోటా వచ్చే మాట షెవీ ఎల్ఎస్ వీ-8. నేనూ ముందు అదే అనుకున్నాను. కానీ ఈ కారులో ముందు కాయిల్ స్ప్రింగులు పై ఆర్మ్ మీద కూర్చుంటాయి. వాటి కోసం ఇంజన్ గదిలోకి రెండు పక్కలా ఎత్తయిన టవర్లు చొచ్చుకొచ్చాయి. నిటారుగా నిలబడే ఆరు సిలిండర్ల ఇంజన్‌కు ఇది లెక్కే కాదు. వీ-8 పెడితే మాత్రం రెండు వైపులా ఎగ్జాస్ట్ పైపులు ఆ టవర్లతో కొట్లాడుకుంటాయి. టవర్లు కోసేసి ముందు సస్పెన్షన్ మొత్తం కొత్తది వేసేవాళ్ళున్నారు. అప్పుడది మార్లిన్ రేకు కప్పిన ఇంకో కారు, నాకు అక్కర్లేదు.

ఈ కారుకు కంపెనీ వాళ్ళ వీ-8 కూడా ఉండేది, 287, 327 అని రెండు సైజుల్లో. 327 అనగానే షెవీ 327 అని పొరబడేవాళ్ళు నేటికీ ఉన్నారు. బోర్ నాలుగు అంగుళాలు, స్ట్రోక్ మూడుంపావు, రెంటికీ అవే కొలతలు, అయినా చుట్టరికం లేదు. పైగా అమెరికన్ మోటార్స్‌దే ముందొచ్చింది, 1957 మోడల్ రాంబ్లర్ రెబెల్‌లో. షెవీది 1962లో.

ఇక అసలు విషయం. 232 ఇంజన్ 1964లో పుట్టింది. దాన్నే పెంచి 1971లో 258 చేశారు, 1987 మోడల్ నుంచి దాని వారసుడే జీప్ చెరొకీలో వచ్చిన 4.0 లీటర్ల ఇంజన్. 2006 దాకా కట్టారు, అదీ కెనోషాలోనే. అంటే పట్టేసిన ఇంజన్‌కు మనవడి వరసయ్యే ఇంజన్ ఇప్పటికీ ఏ తుక్కు యార్డులోనైనా దొరుకుతుంది, ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో సహా. పాతదానికి రెండు బ్యారెళ్ళ కార్బురేటర్‌తో 155 హార్స్‌పవర్ అని రాసేవారు. 1991 తర్వాతి 4.0కు 190. తేడా 35 అనుకోకండి. 1965 నాటి అంకె ఫ్యాన్, ఆల్టర్నేటర్, సైలెన్సర్ ఏమీ తగిలించకుండా బల్ల మీద కొలిచింది, 190 అన్నీ తగిలించి కొలిచింది. అసలు తేడా ఇంకా ఎక్కువ.

ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ పాతదానిలాగే ఎడమ పక్కనే. ఇంజన్ గదిలో అతిథిలా కాకుండా ఇంటివాడిలా కూర్చుంటుంది. ఇంత సుఖంగా ఉందంటే ఎక్కడో మెలిక ఉండాలి కదా. ఆ మెలిక కారు వెనకుంది.

ఏప్రిల్, మూడో వారం

మళ్ళీ వెళ్ళి ఈసారి కారు కిందికి దూరాను. జాకీ మీద ఎత్తి, స్టాండ్లు పెట్టి, వీపు కింద అట్ట పరుచుకుని.

మామూలు కారులో గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్ దాకా ప్రొపెల్లర్ షాఫ్ట్ బయటికే కనిపిస్తుంది. రెండు చివరలా క్రాస్ జాయింట్లు ఉంటాయి. మార్లిన్‌లో షాఫ్ట్ కనిపించదు. లావుపాటి ఇనప గొట్టం లోపల తిరుగుతుంది, ఆ గొట్టం డిఫరెన్షియల్ హౌసింగ్‌కు బోల్టులతో బిగించి ఉంటుంది. దీన్నే టార్క్ ట్యూబ్ అంటారు. నాష్ రోజుల నుంచి వస్తున్న పద్ధతి. జాయింటు ముందు వైపు ఒక్కటే.

గొట్టం షాఫ్ట్‌కు ముసుగు మాత్రమే అయితే తీసి పారేయొచ్చు. కానీ కారును ముందుకు తోసేది అదే. చక్రాలు నేలను వెనక్కి తన్నినప్పుడు యాక్సిల్ ముందుకు రావాలని చూస్తుంది. ఆ తోపుడంతా గొట్టం గుండా వచ్చి గేర్‌బాక్స్ వెనక చోటున బాడీకి చేరుతుంది. బ్రేకు వేసినప్పుడు యాక్సిల్ తిరగబడకుండా ఆపేదీ అదే. కాయిల్ స్ప్రింగులు బరువు మోస్తాయి, అడ్డంగా ఉన్న ప్యానార్డ్ రాడ్డు పక్కలకు జరగనివ్వదు. ముందుకూ వెనక్కూ పట్టుకునేది ఆ గొట్టం ఒక్కటే. గొట్టం తీసేస్తే యాక్సిల్ స్ప్రింగుల మీద ఊరికే ఊగుతుంటుంది.

పాత గేర్‌బాక్స్ ఉంచుకుని 4.0 తగిలిద్దామంటే కుదరదు. 1972లో అమెరికన్ మోటార్స్ వాళ్ళు ఆరు సిలిండర్ల ఇంజన్‌కు బెల్‌హౌసింగ్ (ఇంజన్‌ను గేర్‌బాక్స్‌తో కలిపే గంట ఆకారపు డొప్ప) బోల్టుల వరస మార్చి వీ-8 వరసతో ఒకటి చేశారు. 4.0ది ఆ కొత్త వరస, మన గేర్‌బాక్స్‌ది పాతది. అదొక్కటే కాదు, క్రాంక్ ఎక్కడుందో కంప్యూటర్‌కు చెప్పే సెన్సర్ 1990ల 4.0కు బెల్‌హౌసింగ్‌లోనే కూర్చుని ఫ్లైవీల్ పళ్ళను చదువుతుంది. కాబట్టి ఇంజన్‌తో పాటు జీప్ బెల్‌హౌసింగ్, ఫ్లైవీల్, గేర్‌బాక్స్ అన్నీ రావాలి. జీప్ గేర్‌బాక్స్‌కు టార్క్ ట్యూబ్ తగలదు. ట్యూబ్ పోతే యాక్సిల్‌ను పట్టుకునే దిక్కు లేదు. ఈ కారులో ఇంజన్ ఎంచుకోవడమంటే వెనక సస్పెన్షన్ ఎంచుకోవడమే. ఇంటర్నెట్‌లో సగంలో ఆగిపోయి అమ్మకానికి కనిపించే మార్లిన్లలో చాలా వాటి ఇంజన్ గది మెరిసిపోతుంటుంది. కింది నుంచి తీసిన ఫొటో ఒక్కటీ ఉండదు.

ట్యూబ్ ముట్టుకోకుండా బయటపడే దారి ఉంది, అది కూడా చెప్పాలి. 1964–70 మధ్య 232 ఏదైనా నేరుగా కూర్చుంటుంది. ఇంకా మంచిది 1971 నాటి 258. ఇంజన్ ఎత్తు పెరిగాక, బెల్‌హౌసింగ్ మారకముందు వచ్చింది ఆ ఒక్క ఏడాదే. స్ట్రోక్ ఎక్కువ, టార్క్ ఎక్కువ, పాత గేర్‌బాక్స్‌కే బిగుస్తుంది. డబ్బూ శ్రమా చూసుకునేవాళ్ళకు నేను చెప్పేది అదే. వారాంతాల్లో ఐస్‌క్రీమ్ కొట్టు దాకా నడుపుకోవడానికైతే అంతకుమించి అక్కర్లేదు.

నాకు మాత్రం చికాగో దాకా హైవే మీద పోయి రావాలి, ఐదు గేర్లు కావాలి, చలిలో ఒక్క తిప్పుడుకు స్టార్ట్ కావాలి. 4.0 వైపే మొగ్గుతున్నాను.

ఏప్రిల్ చివర

బేరం. స్పేరు గుంట, నేల రేకు, పుట్టీ పూసిన పట్టీ ఫొటోలు పెద్దాయనకే చూపించాను. దాచడానికేముంది, ఆయనకూ తెలుసు. నాలుగు వేల ఎనిమిది వందలకు తెగింది, ట్రాలీ నాది. వెనక డిక్కీ మూత మీద గుండ్రటి చేప బిళ్ళ ఆయన విడిగా భద్రపరిచాడట, గుడ్డలో చుట్టి తెచ్చిచ్చాడు. అది పోతే దొరకడం కష్టం.

ఇంట్లో జరిగింది వేరే బేరం.

"ఏవండీ, నవంబరు నుంచి నా కారు గ్యారేజీలో ఉంటుందా, మంచులో ఉంటుందా? అది ముందు తేల్చండి."

"లోపలే ఉంటుంది. మార్లిన్‌ది రెండో వైపు."

"రెండో వైపు మీ లాన్ మోవరూ, మంచు తోసే మిషనూ, అటకంత సామానూ ఉన్నాయి."

వెనకవైపు ఒక షెడ్డు వేయించడానికి ఒప్పుకున్నాను. కారు కంటే షెడ్డుకే ఎక్కువయ్యేలా ఉంది.

మే

జీప్ వేట. కావలసింది 1994 లేదా 95 చెరొకీ, మాన్యువల్, టూ-వీల్ డ్రైవ్. ఇంత పట్టు ఎందుకంటే: 1996తో ఓబీడీ-2 (ఇంజన్ లోపాలను కంప్యూటర్ పసిగట్టే పద్ధతి) వచ్చి వైరింగ్ చిక్కు పెరిగింది. 2000–01 నాటి 4.0లో 0331 అని ముద్ర ఉండే హెడ్డు మూడు, నాలుగు సిలిండర్ల మధ్య పగులుతుందని పేరుపడింది. ఇక ఈ చెరొకీల ఏఎక్స్-15 గేర్‌బాక్స్‌కు 1994 నుంచి క్లచ్‌ను నెట్టే స్లేవ్ సిలిండర్ బయటికొచ్చింది. అంతకుముందుది బెల్‌హౌసింగ్ లోపల ఉండేది, లీకైతే గేర్‌బాక్స్ దించాల్సిందే. 1980ల చివరి పూజో గేర్‌బాక్స్ జోలికి అసలే పోకూడదు.

విస్కాన్సిన్‌లో టూ-వీల్ చెరొకీ ఎవరు కొంటారు? ఇక్కడన్నీ ఫోర్-వీల్ బళ్ళే, అవీ సగం తుప్పే. ఫోర్-వీల్ గేర్‌బాక్స్‌కు వెనక షాఫ్టూ హౌసింగూ వేరు, దాన్ని విప్పి మార్చాలి. అందుకని టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉన్న మా బావమరిదికి పురమాయించాను. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు లేని వీధి లేదు, టూ-వీల్ చెరొకీ లేని యార్డూ లేదు.

"బావా, దొరికింది. 95, ఐదు గేర్లు, వెనక ఎవడో గుద్దాడు. కింద పాకి చూశా, కొత్త దానిలా ఉంది. తుప్పంటే వీళ్ళకి తెలీదు."

"క్లచ్ తొక్కి చూశావా? ఆయిల్ ప్రెషర్ ఎంతుంది?"

"అన్నీ వీడియో పంపా. అక్క చూడకముందే చూసి డిలీట్ చెయ్యి."

ఇంజన్, గేర్‌బాక్స్, కంప్యూటర్, పూర్తి వైరింగు, పెడల్ సెట్టు, వెనక యాక్సిల్ అన్నీ విప్పించి లారీ మీద రప్పించాను. వైరింగ్ కోయకుండా ప్లగ్గుల దగ్గర విప్పమని మరీ మరీ చెప్పాను. తెగిన వైరింగు చవగ్గా వచ్చినా తీసుకోకూడదు.

జూన్

పాత 232 బయటికొచ్చింది. టార్క్ ట్యూబ్, యాక్సిల్ కలిపి ఒకే ముక్కగా దించాం. దాన్ని అమ్మను, షెడ్డులో గోడవారగా ఉంటుంది. రేపెవరైనా దీన్ని మళ్ళీ పాత పద్ధతికి తేవాలనుకుంటే దొరకాలి కదా.

గొట్టం స్థానంలో ఏం పెట్టాలన్న దాని మీదే ఎక్కువ ఆలోచించాను. నాలుగు లింకులు వేయొచ్చు, కానీ పై లింకులకు వెనక సీటు కింద కొత్త బ్రాకెట్లు అతకాలి, అక్కడి రేకు అంత బలమైనది కాదు. 1960 నుంచి 72 దాకా షెవీ హాఫ్-టన్ పికప్పుల్లో వాడిన పద్ధతి దీనికి బాగా నప్పుతుందనిపించింది. యాక్సిల్ నుంచి రెండు పొడవాటి చేతులు ముందుకొచ్చి, దగ్గరకు చేరి, గేర్‌బాక్స్ వెనక క్రాస్‌మెంబర్‌కు (అడ్డ దూలానికి) రబ్బరు బుష్‌లతో తగులుకుంటాయి. ట్రక్ ఆర్మ్స్ అంటారు. కాయిల్ స్ప్రింగులు ఉన్నచోటే ఉంటాయి, ప్యానార్డ్ రాడ్డూ ఉంటుంది. తోపుడు కూడా దాదాపు పాత గొట్టం చేరిన చోటుకే చేరుతుంది. ఈ బాడీ అరవై ఏళ్ళుగా ఆ బలాన్ని అక్కడే మోస్తోంది.

ఈ చేతుల గురించి ఒక జాగ్రత్త. పికప్పులో అవి ఐ ఆకారంలో ఉంటాయి, అది ఇనుము పొదుపు కోసం కాదు. రెండు చేతులూ యాక్సిల్‌కు గట్టిగా బిగిసి ఉంటాయి కాబట్టి, ఒక చక్రం గుంతలో పడ్డప్పుడు చేతులు కాస్త మెలి తిరగాలి. గట్టిగా ఉంటుందని పెట్టె గొట్టంతో చేస్తే మెలి తిరగవు, అతుకులు పగులుతాయి. అందుకని కొత్తవి చేయించకుండా పికప్పువే ఒక జత కొన్నాను.

జీప్ యాక్సిల్‌కు చక్రం బోల్టుల వరస నాలుగున్నర అంగుళాల వలయం మీద ఐదు బోల్టులు, మార్లిన్‌దీ అదే. మాన్యువల్ చెరొకీ కాబట్టి పళ్ళ నిష్పత్తి 3.07, అంటే చక్రం ఒక చుట్టు తిరిగేలోగా షాఫ్ట్ 3.07 చుట్లు తిరుగుతుంది. హైవే మీద ఐదో గేర్లో ఇంజన్ మరీ నీరసంగా తిరుగుతుందేమో చూడాలి. బాగోకపోతే ఆటోమేటిక్ చెరొకీల 3.55 క్రౌన్-పినియన్ వేస్తాను. లీఫ్ స్ప్రింగుల దిమ్మెలు కోసేసి, ఆర్మ్‌లకూ కాయిల్స్‌కూ కొత్త దిమ్మెలు అతకాలి. ఇప్పుడు షాఫ్ట్ బయటిది, రెండు జాయింట్లది. గేర్‌బాక్స్ ఎంత వాలితే పినియన్ ముక్కు దానికి సమాంతరంగా అంత వాలాలి, లేదంటే హైవే మీద సీటు కింద వణుకు మొదలవుతుంది. అందుకని దిమ్మెలు ముందే పూర్తిగా అతకలేదు, చుక్కలు మాత్రం పెట్టాం. ఇంజన్, గేర్‌బాక్స్ స్థానంలో బిగించి, కారు బరువు చక్రాల మీదికి దించి, కోణం కొలిచాకే పూర్తి వెల్డింగు.

4.0 బ్లాకుకు మెకానికల్ పెట్రోలు పంపు పెట్టే చోటే లేదు. ట్యాంకు దగ్గర కరెంటు పంపు, రిటర్న్ పైపు కొత్తగా లాగాలి. పాత ట్యాంకు లోపల తుప్పు గీరి చూశాను, పనికొస్తుంది. పొగ పరీక్ష బెడద లేదు, ఇక్కడ అది 1996, ఆ తర్వాతి బళ్ళకే.

నేల రేకు ముక్క, స్పేరు గుంట, ఎడమ పట్టీ చివర కోసి కొత్త రేకు వేయడం అయింది. దాని గురించి రాయడానికేమీ లేదు, చెవులు దిబ్బెళ్ళేసేంత గ్రైండింగు తప్ప.

జూలై, మొదటి వారం

క్రాస్‌మెంబర్ అట్ట నమూనా సిద్ధమైంది. రెండు పక్కలా తలుపు పట్టీల దాకా వెళ్ళి అక్కడ అతుక్కుంటుంది, నేల రేకు మీదే ఆధారపడదు. వెల్డింగుకు ముందు తలుపుల సందులు పైన, మధ్యలో, కింద కొలిచి రాసుకున్నాం, బాడీ వంగితే అక్కడే తెలుస్తుంది. సంప్ (ఇంజన్ కింది ఆయిల్ తొట్టి) ముందు క్రాస్‌మెంబర్‌కు తగులుతుందేమోనన్న భయం ఇంకా తీరలేదు. ఇంజన్‌ను క్రేన్‌కు వేలాడదీసి శనివారం ఒకసారి దించి చూడాలి. బావమరిది కుటుంబంతో వస్తున్నాడు. మాసిన బట్టలు ఒక జత తెచ్చుకోమని చెప్పాను.